గీత ముందు, కూత తర్వాత

కబడ్డీలో గొడవలన్నీ పట్టు దగ్గరే పుడతాయని బయటివాళ్ళు అనుకుంటారు. అల్లవరం చుట్టుపక్కల సంక్రాంతి పోటీలు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, పట్టు దగ్గర వచ్చే గొడవ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. ఎవడు ఎవణ్ణి పట్టాడో ఊరంతా కళ్ళారా చూస్తుంది. రెండు ఊళ్ళ మధ్య మళ్ళీ పండగ దాకా నడిచే గొడవ మాత్రం పక్కగీత దగ్గర పుడుతుంది. కాలు పడిందా, లేదా? పడితే ముందు ఎవరిది పడింది? "ఆయ్, గీత మీదేనండి, బయట పడలేదండి" అని ఒకడు. "ఇసక లేచింది కనబడట్లేదేటండి" అని ఇంకొకడు.

నిబంధన చూస్తే స్పష్టంగానే ఉంటుంది. మగవాళ్ళ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆ వెడల్పులోనే రెండు పక్కలా మీటరు చొప్పున లాబీ. కూతకొచ్చినవాడికీ అవతలివాళ్ళకీ తాకుడు జరిగేదాకా లాబీ పరాయి నేల. తాకిన క్షణం నుంచి అదీ కోర్టే. గీత కోర్టులో భాగం కనక గీత మీద కాలు తప్పు కాదు. గీత దాటి నేలను తాకితే అవుట్. పెనుగులాట సాగుతున్నప్పుడు మాత్రం ఒంట్లో ఏ కాస్త భాగం లోపలి నేలను అంటుకుని ఉన్నా వాడు బతికున్నట్టే. ఈ చివరి మాట నాకెంతో ఇష్టం. నలుగురు మీద పడి ఈడుస్తుంటే కాలి బొటనవేలు ఒక్కటి లోపల ఆనించి కూత నిలబెట్టుకున్నవాడి పక్షాన నిబంధన నిలబడుతుంది.

ఇంత స్పష్టమైన ఆట ఆసియా క్రీడల ఫైనల్లో దాదాపు గంటసేపు ఆగిపోయింది. 2023 అక్టోబర్ 7, చైనాలోని హాంగ్‌జౌ. మనకూ ఇరానుకూ స్కోరు 28-28. ఆఖరి నిమిషాలు. పవన్ సెహ్రావత్ కూతకు వెళ్ళి, ఎవరినీ తాకకుండానే లాబీలోకి అడుగేశాడు. అతన్ని ఆపాలని ఇరాన్ కుర్రాళ్ళూ వెంటే లాబీలోకి వచ్చారు. పాత నిబంధన ప్రకారం వెంట వచ్చినవాళ్ళందరూ అవుటే, ఆ పాయింట్లు మావి అని మనవాళ్ళు. కొత్త నిబంధన ప్రకారం అతను లాబీలో అడుగుపెట్టగానే కూత ముగిసిపోయింది, అవుటైంది అతనొక్కడే అని ఇరానువాళ్ళు. తీర్పు అటూ ఇటూ మారింది. ఆటగాళ్ళు నిరసనగా మ్యాట్ మీదే కూర్చుండిపోయారు. చివరికి 33-29తో స్వర్ణం మనకు వచ్చింది. 2018లో జకార్తా సెమీఫైనల్లో ఇదే ఇరాన్ చేతిలో 27-18తో ఓడిన బాధ అలా తీరింది. ఆ వెంటనే జరిగిన ప్రొ కబడ్డీ వేలంలో పవన్‌ను మన తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు తీసుకుంది.

మన కుర్రాళ్ళు ఆ స్వర్ణానికి అర్హులే. అయినా ఆ గంట ఇరాన్ కుర్రాళ్ళకు అన్యాయమే జరిగిందని నా అభిప్రాయం. తీర్పు అటు వెళ్ళి ఉంటే మనకూ అంతే అన్యాయమయ్యేది. ఏ నిబంధన సరైందన్న చర్చ వేరు. ఒకే అడుగుకు రెండు చట్టాలుండటం, ఏది చెల్లుతుందో అందరికీ ఒకే రకంగా తెలియకుండా ఫైనల్ మొదలుపెట్టటం, అదీ తప్పు. ఆ తప్పు నిర్వాహకులది. మ్యాట్ మీదున్న కుర్రాళ్ళది కాదు.

లంక భూములున్నవాళ్ళకు ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు. వరద తీశాక గట్టు ఎక్కడుండేదో తేలాలంటే, వరదకు ముందే ఇద్దరు రైతులూ దగ్గరుండి పాతించిన హద్దురాయి ఉండాలి.

ఈ విషయంలో నేను అభిమానించే ఆట ఇంకొకటి ఉంది. అమెరికాలో రూపు దిద్దుకున్న డిస్క్ గోల్ఫ్. పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్కును విసిరి, దూరంగా గొలుసులు వేలాడే బుట్టలో వేయాలి. తక్కువ విసుర్లలో వేసినవాడు గెలిచినట్టు. ఎడ్ హెడ్రిక్ 1976లో ఈ ఆటకు ప్రొఫెషనల్ సంఘం పెట్టాడు. చెరువు, రోడ్డు, తాడు కట్టిన పచ్చిక, నిర్వాహకుడు ఏది హద్దు బయట అంటే అది బయటే. అక్కడ గీత కూడా బయటి నేలకే చెందుతుంది, మన కబడ్డీకి పూర్తిగా ఎదురు. కానీ డిస్కు అంచు కాస్త లోపలికి ఉంటే చాలు, అది లోపలున్నట్టే లెక్క. పూర్తిగా బయటపడితే ఒక విసురు శిక్ష. ఆ పైన మునుపటి చోటి నుంచే మళ్ళీ విసరొచ్చు, లేదా డిస్కు హద్దు దాటిన చోటికి వచ్చి మీటరు లోపలి నుంచి విసరొచ్చు. రిఫరీ ప్రతి జట్టు వెంటా తిరగడు. కలిసి ఆడే ముగ్గురు నలుగురే చూసి చెప్పాలి. వాళ్ళలో మాట కుదరకపోతే అనుమానం విసిరినవాడికే అనుకూలం.

శిక్ష బరువు కూడా అక్కడ ముందే తూచుకోవచ్చు. ఒక చోటును హద్దు బయట అనకుండా ప్రమాదస్థలం అని ప్రకటిస్తే, విసురు శిక్ష పడుతుంది గాని డిస్కు పడ్డచోటి నుంచే ఆడొచ్చు. కబడ్డీలో ఈ వెసులుబాటు లేదు. ఇక్కడ ప్రతి తప్పుటడుగుకీ నిండు మనిషి బయటికెళ్ళాలి. అందుకే లాబీ విషయంలో నేను కొత్త నిబంధన వైపే. కూతకొచ్చినవాడు తాకకుండా లాబీలో కాలుపెడితే కూత అక్కడే ఆగిపోవాలి. పారిపోతున్నవాడి వెంట పరిగెత్తటం డిఫెండర్ ఒంటికి అలవాటైన పని. వాడి తప్పుకు వీళ్ళు ముగ్గురూ నలుగురూ చావటం న్యాయం కాదు.

హాంగ్‌జౌలో అదే రోజు మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం కొట్టాడు. ఆ పెద్ద కోర్టుల్లో షటిల్ గీతను ముట్టిందో లేదో కెమెరా చూసి చెబుతుంది. సాత్విక్ ఊరికి కూతవేటు దూరంలో ఉన్న మన పల్లెల్లో కెమెరా లేదు. ఉన్నది సున్నం గీత. ఓడలరేవు వైపు ఇసక నేల మీద అది నాలుగు కూతలకే చెదిరిపోతుంది. జనం ముందుకు జరిగి జరిగి దాని మీదే నిలబడతారు. పైగా పక్కగీత దగ్గర నిలబడే అంపైరు చాలా చోట్ల ఆ ఊరివాడే. ఒక ఫైనల్లో కెప్టెన్ పెదనాన్న కొడుకే అంపైరుగా నిలబడ్డాడు. అతను చెప్పింది నిజమేనని నేను ఈనాటికీ నమ్ముతాను. ఓడిన జట్టు ఆనాడే నమ్మలేదు, వాళ్ళను తప్పుపట్టలేం.

కమిటీ కుర్రాళ్ళకు నా మనవి ఇది. ఈ సంక్రాంతికి ప్రైజు డబ్బులో కొంత తగ్గినా ఫర్వాలేదు, సున్నం బదులు నవారు పరిచి మూలలు గట్టిగా బిగించండి. జనాన్ని గీతకు రెండు గజాలు వెనక నిలపండి. రెండు పక్కగీతల దగ్గరా ఆడుతున్న రెండు ఊళ్ళకూ సంబంధం లేని మూడో ఊరివాళ్ళను పెట్టండి. డ్రా తీసే ముందు కెప్టెన్లందరినీ పిలిచి, లాబీ నిబంధన పాతదో కొత్తదో మైకులో చదివి, కాగితం మీద సంతకాలు తీసుకోండి. ఆ కాగితం స్కోరరు బల్ల మీదే ఉంచండి.