సేనాని సౌధం: తీన్‌మూర్తి భవనం

తీన్‌మూర్తి భవనమనగానే జవహర్‌లాల్ నెహ్రూ నివాసమే స్ఫురిస్తుంది. కాని ఆ కట్టడం ఏ ప్రధానమంత్రి కోసమూ వెలసినది కాదు. బ్రిటిష్ ఇండియా సర్వసేనాని నివాసంగా, ‘ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్’ అన్న పేరుతో 1930లో పూర్తయింది. దాని రూపశిల్పి కన్నాట్ ప్లేస్‌ను రూపొందించిన రాబర్ట్ టోర్ రస్సెల్.

కొత్త ఢిల్లీ నిర్మాణంలో స్థలమే హోదా. వైస్రాయి సౌధానికి దక్షిణ దిశన ఈ భవనాన్ని నిలపడంలోనే, ఆనాటి పాలనలో సైన్యానికి గల స్థానం వ్యక్తమవుతుంది. అయితే వైస్రాయి సౌధంలో లుట్యెన్స్ సాంచీ స్తూపాన్ని తలపించే గుమ్మటాన్నీ, ఛజ్జాలనూ, ఛత్రీలనూ ఐరోపా పద్ధతితో మేళవించగా, రస్సెల్ అటువంటి ప్రయత్నానికి పూనుకోలేదు. తెల్లని గోడలు, కమానులు, స్తంభాలు, కొలత తప్పని సౌష్ఠవం: అంతా ఐరోపా సంప్రదాయమే. గాంభీర్యం ఉన్నది, ఆత్మీయత తక్కువ. ఈ ఆవరణలోనే ఫిరోజ్ షా తుగ్లక్ కాలపు వేట విడిది కుశక్ మహల్ ఉన్నది. 14వ శతాబ్దపు ఆ మొరటు రాతి కట్టడం పరిమాణంలో చిన్నదే అయినా, నేలతో దానికి ఉన్న పొత్తు ఈ సౌధానికి అబ్బలేదు.

పేరు విషయం మరింత విచిత్రం. భవనం కంటే ముందే, 1922లో, లెనార్డ్ జెన్నింగ్స్ మలచిన మూడు సైనిక విగ్రహాలు కూడలిలో నిలిచాయి. అవి మొదటి ప్రపంచ యుద్ధంలో సినాయ్, పాలస్తీనా, సిరియా రంగాలలో అసువులు బాసిన హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ అశ్వికుల స్మారకం. కాలక్రమాన సేనాని హోదా సూచించే పేరు చెరిగి, సిపాయిల పేరు సౌధానికి దక్కింది. 2018లో కూడలికి ‘తీన్‌మూర్తి హైఫా చౌక్’ అని పేరు పెట్టారు. 1918 సెప్టెంబరు 23న హైఫాపై జరిగిన దాడి ప్రధానంగా జోధ్‌పూర్, మైసూరు దళాలది. హైదరాబాదు అశ్వికుల సేవ ఆ ఒక్క ఊరికి ఇమిడేది కాదు. స్మారక పరిధిని కుదించిన ఈ నామకరణం సముచితమని చెప్పలేము.

1948లో నెహ్రూ ఇందులో ప్రవేశించి, 1964 మే 27న మరణించేవరకు ఇక్కడే నివసించారు. సేనాని ఇంట పౌరనేత కాపురముండటం సైన్యంపై పౌరాధికారానికి చిహ్నమని మెచ్చుకోవచ్చు. వలస వైభవాన్ని అంత సులభంగా స్వీకరించడాన్ని ప్రశ్నించనూవచ్చు. రెండూ న్యాయమే. అటుపై అది నెహ్రూ స్మారక ప్రదర్శనశాల అయింది. 2022లో అదే ఆవరణలో ప్రధానమంత్రుల సంగ్రహాలయం వెలసింది. 2023లో సంస్థ పేరు కూడ మారింది. పేర్లు ఎన్ని మారినా, కట్టించినవారి ఉద్దేశం గోడలలో చెక్కుచెదరలేదు. సందర్శకునికి ముందుగా చూపవలసినది దానినే.