ఎర్ర బటన్ వెనక రెండు దారులు

కాలువ గట్టు మీద పాత బండి నడిపేవాళ్లందరికీ ఒక భయం ఉంటుంది. కార్బొరేటర్‌లో స్లైడు ఇరుక్కుందంటే యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ జోరు తగ్గదు. ఒక పక్క నిండు కాలువ, రెండో పక్క చేను, ఎదురుగా ధాన్యం ట్రాక్టరు. పాత బుల్లెట్‌కి తాళం హెడ్‌లైటు డోము మీద ఉంటుంది. దాన్ని తిప్పాలంటే హ్యాండిల్ మీంచి చెయ్యి తియ్యాలి. బొటనవేలికి అందే చోట ఇంజన్ ఆపే స్విచ్, అంటే కిల్ స్విచ్, కావాలనుకోవడం సోకు కాదు, ప్రాణావసరం. అమెరికా 1974 సెప్టెంబరు 1 నుంచి మోటార్‌సైకిళ్లకి కుడి హ్యాండిల్ మీద ఇలాంటి స్విచ్ ఉండి తీరాలని నిబంధన పెట్టింది. మన పాత బళ్లకి మాత్రం మనమే అమర్చుకోవాలి.

అమర్చే పద్ధతులు రెండు. ఒకటి కరెంటు కట్ చెయ్యడం, రెండోది ఎర్త్ ఇవ్వడం. బయటికి కనిపించే బటన్ ఒకటే, లోపల జరిగే పని పూర్తిగా ఎదురు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడడానికి రెండు బళ్లు తీసుకుంటాను. ఒకటి 6 వోల్టుల బ్యాటరీ, కాయిల్, ప్లాటినం పాయింట్లతో నడిచే పాత బుల్లెట్ 350. రెండోది రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన బీఎస్ఏ ఎం20, లూకాస్ మాగ్నెటో బండి.

బుల్లెట్‌లో నిప్పురవ్వకి మూలం బ్యాటరీ. తాళం నుంచి కాయిల్‌కి వెళ్లే వైరు తెగితే ఇంజన్ ఆగిపోతుంది. బీఎస్ఏ అలా ఆగదు. దాని మాగ్నెటో తన కరెంటు తానే పుట్టించుకుంటుంది. బ్యాటరీ విప్పి కింద పెట్టినా బండి నడుస్తూనే ఉంటుంది. అందుకే స్విచ్‌తో దాన్ని ఆపాలంటే పాయింట్ల దగ్గరి కరెంటుని నేరుగా ఇంజన్ బాడీకి కలిపేయాలి. గోదావరి డెల్టా వాళ్లకి దీన్ని వేరే చెప్పక్కర్లేదు. మొదటిది లాకు దగ్గర షట్టరు దించడం, రెండోది నీళ్లు చేనికి చేరకముందే డ్రెయిన్‌లోకి మళ్లించడం.

ఇంతవరకూ ఏ బండి పద్ధతి దానిదే అనుకోవచ్చు. కానీ చిక్కు అక్కడే మొదలవుతుంది. మన ఊళ్లలో బళ్ల పని నేర్చిన చేతులు ఎక్కువగా బజాజ్ స్కూటర్ల మీద, లూనాల మీద, టీవీఎస్ 50ల మీద తిరిగాయి. అవన్నీ ఫ్లైవీల్ మాగ్నెటో బళ్లు, ఎర్త్ ఇస్తే ఆగేవి. ఆ అలవాటు బుల్లెట్ మీదకీ వస్తుంది. కాయిల్ నుంచి పాయింట్లకి వెళ్లే వైరుకి ఒక కొస తగిలించి, స్విచ్ ద్వారా ఎర్త్ చేస్తారు. ఇంజన్ ఠక్కున ఆగుతుంది. బండి యజమాని సంతోషంగా ఇంటికి వెళ్తాడు. ఆగింది కాబట్టి అంతా సరిగ్గా ఉందనుకోవడంతోనే వస్తుంది ఇబ్బంది.

లెక్క చూడండి. 6 వోల్టుల కాయిల్‌లో ప్రైమరీ చుట్టకి సుమారు ఒకటిన్నర ఓముల నిరోధం ఉంటుందనుకుందాం. తాళం ఆన్‌లోనే ఉంచి, స్విచ్‌తో మాత్రమే ఇంజన్ ఆపితే, ఆ చుట్ట గుండా 4 ఆంపియర్లు ఆగకుండా పారుతూనే ఉంటాయి. కాయిల్ కాలుతుంది. 12 ఆంపియర్-అవర్ బ్యాటరీ మూడు గంటల్లో ఖాళీ అవుతుంది. మధ్యాహ్నం భోజనానికి ఆగి లేచేసరికి కిక్కు కొట్టినా పలకని బండికి కారణం చాలాసార్లు ఇదే. కాయిల్‌కి తాళం నుంచి కరెంటు వచ్చే వైపునే ఎర్త్ చేసినవాళ్లది ఇంకా పెద్ద పొరపాటు. బ్యాటరీ నేరుగా ఛాసీకి కలిసిపోతుంది. ఫ్యూజు ఉంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే వైరింగ్ కాలుతుంది.

కాబట్టి బుల్లెట్‌కి కట్ చేసే పద్ధతే సరైనది. అయితే దానికీ ఒక లోపం ఉంది, కట్ పద్ధతిని మెచ్చుకునేవాళ్లు దాని ఊసెత్తరు. ఆ స్విచ్ ప్రతి నిప్పురవ్వ దారిలోనూ అడ్డంగా కూర్చుని ఉంటుంది. అంతర్వేది సముద్రపు గాలి తగిలి లోపల పచ్చటి చిలుము పట్టి, అర ఓము నిరోధం పెరిగిందనుకోండి. 4 ఆంపియర్లు రావలసిన చోట 3 వస్తాయి. కాయిల్‌లో దాచుకునే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, నాలుగో వంతు కరెంటు తగ్గితే నిప్పురవ్వ బలం దాదాపు 44 శాతం పడిపోతుంది. అదే 12 వోల్టుల బండిలో, 3 ఓముల కాయిల్‌తో, నష్టం 26 శాతం దగ్గర ఆగుతుంది. పాత 6 వోల్టుల బుల్లెట్‌కి చవక స్విచ్ వేశాక ఉదయంపూట స్టార్టింగ్ కష్టమైతే కార్బొరేటర్ విప్పకముందు స్విచ్ విప్పి చూడాలి.

బీఎస్ఏలో ఇదే చిలుము పరుగుని ముట్టుకోదు. స్విచ్ పక్కదారిలో ఉంటుంది, బండి నడిచేటప్పుడు దానికి పనే లేదు. అందువల్ల నడకలో ఎర్త్ పద్ధతిదే పైచేయి. ఆపడంలో మాత్రం తలకిందులు. చిలుము పడితే బటన్ నొక్కినా కరెంటు పూర్తిగా మళ్లదు. వైరు తెగితే ఆ బటన్‌తో బండి అసలు ఆగదు. నరసాపురం–సఖినేటిపల్లి రేవులోనో, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవులోనో పంటు మీద హ్యాండిల్‌కి హ్యాండిల్ ఆనించి బళ్లు నిలబెట్టినప్పుడు ఆగని ఇంజన్ ఎంత ప్రమాదమో ఊహించుకోండి. అదే బుల్లెట్‌లో వైరు తెగితే బండి నిలిచిపోతుంది, తోసుకుంటూ పోవాలి. ఒకటి చెడితే నడవదు, ఇంకొకటి చెడితే ఆగదు. కిల్ స్విచ్‌ని అది చెడిన రోజు ఏం చేస్తుందో చూసే బేరీజు వెయ్యాలని నా అభిప్రాయం. ఆ లెక్కన కట్ పద్ధతి గొప్పది. దొంగతనం విషయంలోనూ అంతే. సీటు కింద దాచిన ఎర్త్ స్విచ్‌ని ఓడించడానికి ఒక వైరు తెంపితే చాలు. కట్ స్విచ్ దగ్గర వైరు తెంపితే దొంగకే నష్టం.

కానీ మాగ్నెటో బండికి కట్ పద్ధతి కుదరదు, కనుక దాని ఎర్త్‌నే గట్టిగా చెయ్యాలి. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, స్విచ్ రెండో కొసని హ్యాండిల్‌కే బిగించి వదిలేయడం. హ్యాండిల్ నుంచి ఛాసీకి వెళ్లే దారి గ్రీజులో మునిగిన బాల్ రేసుల గుండా పోవాలి. పైన పెయింటు పొర కూడా ఉంటుంది. ఇది నమ్మదగిన ఎర్త్ కాదు. రెండో వైరుని ఇంజన్ బాడీ మీద గీకి శుభ్రం చేసిన బోల్టు దాకా తీసుకెళ్లాలి. ఈ ఒక్క అదనపు వైరుతో బీఎస్ఏ బటన్ బుల్లెట్ బటన్‌కి చాలా దగ్గరగా వస్తుంది.

యమహా ఆర్‌ఎక్స్ 100 కూడా ఎర్త్ జాతిదే, అయితే సీడీఐ అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్నందువల్ల, నల్ల రంగు మీద తెల్ల గీత ఉన్న దాని ఎర్త్ తీగ ఇంకా సున్నితం. వందల వోల్టులు ఉండే ఆ తీగకి వాన తడి తగిలితే కొంచెం కారినా ఇంజన్ తడబడుతుంది. ఆషాఢం ముసురులో మొరాయించే ఆర్‌ఎక్స్‌కి ఆ తీగని ఒక్క నిమిషం విడదీసి చూస్తే జబ్బు దొరుకుతుంది.

పాతదనం కాపాడాలనే వాళ్లు స్విచ్ అసలు వద్దంటారు. వాళ్ల ఆవేదన నాకు అర్థమవుతుంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు కూడా 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారని బళ్లకే ఆ గుర్తింపు ఇస్తున్నాయి. అయినా స్విచ్ పెట్టడానికి హ్యాండిల్‌కి బెజ్జం కొట్టక్కర్లేదు, పాత వైరింగ్‌ని కొయ్యక్కర్లేదు. క్లాంపు స్విచ్ తీసుకోండి. బుల్లెట్‌లో కాయిల్ మీద ఎస్‌డబ్ల్యూ అని రాసి ఉన్న టెర్మినల్ దగ్గర పాత వైరు విప్పి, మధ్యలో కొత్త వైర్లు కలపండి. బీఎస్ఏలో మాగ్నెటో మూత మీద టెర్మినల్ ఉంటే దానికే వైరు కలపండి. రేపు తీసేస్తే ఆనవాలు కూడా మిగలదు.

బుల్లెట్ ఉన్నవాళ్లు షెడ్డు నుంచి బండి తెచ్చుకునే ముందు ఒక పని చెయ్యండి. లైట్లు ఆర్పి, తాళం ఆన్ చేసి, కిల్ స్విచ్ ఆపే వైపు పెట్టి, కిక్కుని చేత్తో మెల్లగా కిందికి నొక్కుతూ అమ్మీటరు చూడండి. ముల్లు సున్నా దగ్గర కదలకుండా ఉండాలి. డిశ్చార్జి వైపు వాలితే ఆ వైరింగ్ తప్పు, అక్కడే విప్పించి కాయిల్ ముందుకి మార్పించండి.