చెవిటివాడి ఇంట్లో లెయొకాదియా

స్పెయిన్ చిత్రకారుడు గోయా ప్రేమకథ అనగానే రచయితలు ఆల్బా డచెస్ దగ్గరికే పరుగెడతారు. 1951లో వచ్చిన ఫాయిక్ట్‌వాంగర్ నవల ఆవిడ చుట్టూనే తిరుగుతుంది. కార్లోస్ సౌరా 1999లో ముసలి గోయా మీద సినిమా తీస్తే, అందులోనూ ఆయన తలుచుకునేది ఆవిడనే. అందం, హోదా, అపవాదు అన్నీ ఉన్న కథ కాబట్టి రాయడం తేలిక. చారిత్రక నవలాకారుడి పనితనం తేలేది మాత్రం లెయొకాదియా దగ్గర అని నాకనిపిస్తుంది.

కాగితాల్లో దొరికేది కొంచెమే. గోయా భార్య 1812లో పోయింది. 1819లో, డెబ్బై దాటాక, ఆయన మాడ్రిడ్ శివార్లలో తోట ఇల్లు కొన్నాడు. దాన్ని 'చెవిటివాడి ఇల్లు' అనేవారు (ఆ పేరు ఆయన రాకముందే ఉంది!). ఆ ఇల్లు చూసుకున్నది లెయొకాదియా వైస్. ఆయనకంటే నలభై ఏళ్లకు పైగా చిన్నది, భర్తనుంచి విడిపోయిన మనిషి. ఆమె ఇంటిపని మనిషా, తోడా? 1814లో పుట్టిన ఆమె కూతురు రొసారియోకి తండ్రి ఎవరు? గట్టిగా చెప్పే కాగితం లేదు. నవలకి చోటు అక్కడే. తెలిసిన తేదీని జరపకూడదు, తెలియని గదిలోకి మాత్రం దీపం పట్టుకుని వెళ్లవచ్చు.

ఆ గదిలో గుసగుసలు కుదరవు. 1793 నాటికే గోయాకు వినికిడి పోయింది. వేళ్లతో అక్షరాలు చూపే గుర్తుల్ని ఆయన 1812లో బొమ్మలుగా వేశాడు. నేనే రాస్తే ఒక తగువుతో మొదలుపెడతాను. ఆమె ఒక మాట అనాలంటే గరిటె పక్కన పెట్టాలి, చేతులు తుడుచుకోవాలి, అప్పుడు వేళ్లు కదపాలి. ఈలోగా ముసలాయన తల అటు తిప్పుకుంటే చాలు, తగువు అక్కడితో సరి. మంచి ఊహకు ఇలాంటి అడ్డంకే పట్టు ఇస్తుంది.

ఆ ఇంటి గోడమీద వేసిన నల్ల చిత్రాల్లో ఒకటి ఆమెదే అంటారు. నల్ల బట్టల్లో, సమాధిలాంటి దిబ్బకు ఆనుకుని నిలబడి ఉంటుంది. ఎక్స్‌రే తీస్తే ఆ దిబ్బ కింద చలిమంట గూడు కనిపించింది. ముందు ఆమెను వెచ్చని గూటి పక్కన నిలబెట్టినవాడు, తర్వాత దాన్ని సమాధిగా ఎందుకు మార్చాడు? 1819 చివర్లో ఆయన చావు అంచుదాకా వెళ్లి వచ్చాడు. ఈ రెంటినీ ముడివేయాలని ఏ నవలాకారుడికైనా చెయ్యి దురద పెడుతుంది. ముడి వేయవచ్చు, కానీ అది తన ముడేనని పాఠకుడికి తెలియాలి.

తీపి ఎక్కువైతే కథ చెడుతుంది. తర్వాత వాళ్లు ఫ్రాన్స్‌లోని బోర్డోకి వెళ్లారు. అక్కడ వాళ్లను చూసిన రచయిత మొరాతిన్, ఇద్దరికీ పెద్దగా పొసిగినట్టు లేదనే రాశాడు. 1828లో గోయా పోయాక ఆస్తి కొడుకుకి వెళ్లింది. 'పాలమ్మాయి' అనే చిత్రం మాత్రం లెయొకాదియా దగ్గర ఉంది. ఔన్సు బంగారానికి తగ్గకుండా అమ్మమని గోయా తనతో అన్నాడని, 1829లో దాన్ని అమ్మజూపుతూ ఆమె ఉత్తరం రాసింది. ఆయన ఆ మాట నోటితోనే చెప్పి ఉంటాడు, పోయింది వినికిడేగాని మాట కాదు. ఆమె జవాబు మాత్రం వేళ్లమీదే నడిచి ఉండాలి.