కోసిన చెయ్యే చూడాలి

మాజీ సైనికుల ఆసుపత్రికి వచ్చిన పెద్దాయన తలమీది టోపీ తీస్తే, కుర్రతనంలో ఆయన ఎండలో ఎంతకాలం నిలబడ్డాడో ముఖమే చెబుతుంది. టోపీ కాపాడిన నుదురు తెల్లగా, నున్నగా ఉంటుంది. చెవుల పై అంచులు, కణతలు, ముక్కు కొన, కింది పెదవి మాత్రం పొలుసులు కట్టి, మచ్చలు పడి, పాత కుట్ల గీతలతో ఉంటాయి. టోపీ నుదుటికి నీడనిస్తుంది గాని చెవులకు ఇవ్వదు. వియత్నాం నదుల్లో పడవల మీద, పసిఫిక్ సముద్రంలో ఓడల డెక్కుల మీద, ఇరాక్ ఇసుకలో ఇరవై ఏళ్ల వయసులో తగిలిన ఎండ, ముప్పై నలభై ఏళ్లు గడిచాక మానని పుండై బయటపడుతుంది. అతినీలలోహిత కిరణాలు చర్మకణాల డీఎన్ఏని దెబ్బతీస్తాయి. ఆ దెబ్బలు పోగుపడి ఎప్పటికో కేన్సర్ అవుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఉష్ణమండల ప్రాంతాల్లో పనిచేసిన అమెరికన్ సైనికుల్లో మెలనోమా అనే చర్మ కేన్సర్ ఎక్కువగా కనిపిస్తోందని వైద్యులు 1980లలోనే గుర్తించారు.

నేను అలాంటి ఆసుపత్రిలో చర్మ కేన్సర్లు తీసే సర్జన్‌ని. అమెరికా ప్రభుత్వంలోని వెటరన్స్ అఫైర్స్ శాఖ నడిపే ఈ ఆసుపత్రులను అందరూ వీఏ అనే అంటారు. దేశం మొత్తం మీద 170 దాకా వైద్య కేంద్రాలున్నాయి. 90 లక్షల మందికి పైగా మాజీ సైనికులు వీటిలో పేరు నమోదు చేసుకున్నారు. అక్కడ నేను చేసే పనిని మోస్ సర్జరీ అంటారు. దాని నియమం ఒక్క ముక్కలో చెప్పొచ్చు. కోసిన చెయ్యే మైక్రోస్కోప్ ముందు కూర్చోవాలి. మళ్లీ కోయాలా, ఇక చాలా అన్నది ఆ కన్నే తేల్చాలి. ఈ విద్యకున్న విలువంతా ఈ నియమంలోనే ఉందని నా నమ్మకం.

లేపనంతో మొదలు

ఈ పద్ధతికి ఆద్యుడు ఫ్రెడరిక్ మోస్ (1910–2002). 1930లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, జంతుశాస్త్ర ఆచార్యుడు మైకేల్ గయర్ ప్రయోగశాలలో ఎలుకల కంతుల్లోకి రకరకాల రసాయనాలు ఎక్కించి చూసేవాడు. జింక్ క్లోరైడ్ ఎక్కించిన చోట కణజాలం చచ్చిపోయింది గాని దాని అమరిక చెదరలేదు. మైక్రోస్కోప్ కింద పెట్టి చూడటానికి వీలుగా ఉన్నచోటనే గట్టిపడింది. మామూలుగా శరీరం నుంచి తీశాక చేసే ఈ గట్టిపరిచే పనిని శరీరం మీదే చేయవచ్చని మోస్‌కు అర్థమైంది. జింక్ క్లోరైడ్‌లో స్టిబ్‌నైట్ ఖనిజం పొడి, బ్లడ్‌రూట్ అనే మొక్క వేరు పొడి కలిపి లేపనం తయారుచేశాడు. 1936లో తొలి రోగికి వైద్యం చేశాడు, 1941లో తన ఫలితాలు ప్రచురించాడు.

అప్పట్లో లేపనం పూసి, కట్టు కట్టి, రోగిని పంపేసి, మర్నాడు ఒక పొర తీసి చూసేవారు. కేన్సర్ మిగిలిన చోట మళ్లీ లేపనం, మళ్లీ పొర. రోజుల తరబడి సాగేది, నొప్పి కూడా ఎక్కువే. 1953లో కనురెప్ప మీది కేన్సర్ తీయడాన్ని సినిమా తీస్తున్నప్పుడు ఆలస్యం కాకుండా ఉండాలని మోస్ లేపనం మానేసి, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పచ్చి ముక్కనే గడ్డకట్టించి చూశాడు. శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన థియోడర్ ట్రోమోవిచ్, శామ్యూల్ స్టెగ్‌మన్ 1974లో ఈ పచ్చి కణజాల పద్ధతి ఫలితాలను ప్రచురించాక, లేపనం దాదాపుగా తెరమరుగైంది. రోజులు పట్టే పని ఒక్కపూటకు వచ్చింది.

కత్తి, రంగు, గాజు పలక

మా పని పెన్నుతో మొదలవుతుంది. కంటికి కనిపించినంత మేర పుండు చుట్టూ గీత గీసి, రోగి చేతికి అద్దం ఇస్తాం. బయాప్సీ అయి కొన్ని వారాలు గడిస్తే పైచర్మం మానిపోయి చోటు పోల్చుకోవడం కష్టమవుతుంది. అందుకే బయాప్సీ నాటి ఫొటో, రోగి వేలు, డాక్టర్ కన్ను మూడూ ఒకేచోటును చూపించాకే సూది పట్టుకుంటాం. లిడొకైన్‌లో ఎపినెఫ్రిన్ కలిపిన మందుతో ఆ చోటు వరకే మొద్దుబారుతుంది. మనిషి మెలకువగా, మాట్లాడుతూనే ఉంటాడు.

పుండు మధ్యభాగాన్ని గీకి తీసేశాక, చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్లు వదిలి పలచటి పొర కోస్తాం. కత్తిని నిట్టనిలువుగా పట్టకూడదు, 45 డిగ్రీల వాలుగా పట్టాలి. అప్పుడే పక్క అంచులు, అడుగు కలిసి ఒకే పొరగా వస్తాయి. ముక్క విడివడక ముందే దానిమీద, పక్కనున్న చర్మం మీద ఎదురెదురుగా చిన్న గాట్లు పెడతాం. ముక్క ఏ వైపు ఎటు తిరిగి ఉండేదో తర్వాత ఆ గాట్లే చెబుతాయి. కాగితం మీద ఆ చోటు బొమ్మ గీసి గాయాన్ని గుర్తు పెడతాం. ముక్క అంచులకు నీలం, ఎరుపు, నలుపు సిరాలు అద్ది, అవే రంగులు బొమ్మ మీదా వేస్తాం.

ఆ తర్వాతి పని టెక్నీషియన్‌ది. బయటివారి కంటబడని ఈ మనిషి చేతి నైపుణ్యం మీదే మా పని మొత్తం నిలబడుతుంది. ముక్కను క్రయోస్టాట్ అనే శీతల యంత్రంలో సున్నాకు ఇరవై డిగ్రీలకు పైగా దిగువన గడ్డకట్టించి, అంచూ అడుగూ ఒకే మట్టానికి వచ్చేలా అదిమి, మిల్లీమీటరులో వెయ్యో వంతుల మందంలో పొరలు తీసి గాజు పలక (స్లైడ్) మీదకు ఎక్కించాలి. అంచులో కొంచెం మడత పడినా, చిన్న బెజ్జం పడినా అక్కడ కేన్సర్ ఉందో లేదో చెప్పలేం. మళ్లీ కోయమంటాం.

ఇంత తంటా ఎందుకో బత్తాయితో చెబుతాను. మామూలు ల్యాబులో కంతిని నిలువుగా చక్రాలు చక్రాలుగా కోసి, వాటిలో కొన్నింటిని చూస్తారు. బత్తాయిని అలా కోస్తే ఒక్కో చక్రంలో తొక్క సన్నటి అంచుగానే కనిపిస్తుంది. రెండు చక్రాల మధ్య ఉన్న తొక్కంతా చూడకుండానే పోతుంది. మేం తొక్కను మాత్రమే ఒలిచి, బల్లమీద పరిచి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూస్తాం. కేన్సర్ తొక్క దాకా పాకిందా లేదా అన్నదే కదా తేలాల్సిన విషయం. మామూలు పద్ధతిలో కంటబడేది మొత్తం అంచులో ఒక శాతం కూడా ఉండదు. ఇక్కడ అంచంతా కంటబడుతుంది.

స్లైడ్ చదవడం వేరే విద్య. చర్మ కేన్సర్లలో ఒకటైన బేసల్ సెల్ కార్సినోమా కణాలు ఊదారంగు గుంపులుగా కనిపిస్తాయి. గుంపు అంచున కణాలు కంచె కట్టినట్టు వరుసగా నిలబడతాయి, గుంపుకూ చుట్టూ ఉన్న కణజాలానికీ మధ్య సన్నటి చీలిక ఉంటుంది. ముక్కు నిండా వెంట్రుకల కుదుళ్లే. ఏటవాలుగా తెగిన కుదురు అచ్చం ఇలాగే కనిపించి మోసం చేస్తుంది. అలాంటప్పుడు ఆ గాయాన్ని స్వయంగా చూసినవాడికి, ఆ అంచును కోసినవాడికి తెలిసే సంగతులు అక్కరకొస్తాయి. ఎడమవైపు అడుగున కత్తికి గట్టిగా తగిలిందని నా చేతికి గుర్తుంటుంది. అదే ఎడమ అంచు స్లైడ్‌లో అనుమానంగా ఉంటే నిర్ణయం తేలికవుతుంది. కోసేవారు ఒకరు, చూసేవారు మరొకరు అయినచోట ఈ గుర్తు చేతులు మారేటప్పుడు జారిపోతుంది.

బొమ్మ మీద ఎర్ర సిరా వేసిన వైపున కేన్సర్ కనిపిస్తే, రోగి దగ్గరికి తిరిగి వెళ్లి ఆ వైపునే మరో పొర తీస్తాం. మిగతా వైపుల జోలికి పోం. మొదటిసారి వచ్చిన బేసల్ సెల్ కార్సినోమాను ఇలా తీస్తే ఐదేళ్లలో తిరిగిరాకుండా ఉండే అవకాశం 99 శాతం దాకా ఉంది. వేరేచోట తీయించుకున్నా మళ్లీ వచ్చినవాటిలో అది 94, 95 శాతం. మామూలు కోతలో చిన్న కేన్సర్‌కే చుట్టూ నాలుగు మిల్లీమీటర్ల మంచి చర్మం పోతుంది. వీపు మీద ఆ నాలుగు మిల్లీమీటర్లూ లెక్కలోకి రావు. ముక్కు రంధ్రం అంచున, కనురెప్ప మీద అవే మనిషి రూపాన్ని మార్చేస్తాయి.

పుణె నుంచి వచ్చిన ముక్కు

కేన్సర్ పోయాక మిగిలిన గుంతను పూడ్చాలి. ముక్కు కొన పెద్ద మేర పోయినప్పుడు మేం నమ్ముకునేది భారతదేశపు విద్యనే. 1792 నాటి మైసూరు యుద్ధంలో ఆంగ్లేయ సైన్యానికి ఎద్దులబండి తోలిన కౌవాస్‌జీ అనే మరాఠా మనిషి టిప్పు సుల్తాన్ సేనకు చిక్కి, ముక్కూ ఒక చెయ్యీ పోగొట్టుకున్నాడు. పుణెలో సంప్రదాయంగా ఈ పని చేసే ఒకాయన అతనికి నుదుటి చర్మంతో ముక్కు చేసిపెట్టాడు. మైనంతో ముక్కు నమూనా చేసి, దాన్ని నుదుటి మీద పరిచి కొలత తీసుకున్న ఆ వైనం 1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్మన్స్ మ్యాగజీన్‌లో అచ్చయింది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ ఏళ్ల తరబడి సాధన చేసి, 1814లో లండన్‌లో ఒక సైనికాధికారికి ఆ ఆపరేషన్ చేశాడు. తర్వాతి రోగి కూడా సైనికుడే, అల్బువెరా యుద్ధంలో కత్తివేటుకు ముక్కు పోగొట్టుకున్నవాడు.

ఇవాళ మేం మైనానికి బదులు కుట్ల దారం ప్యాకెట్‌లోని రేకును వాడతాం. గుంతలో రేకును ఒత్తి, ఆకారం కత్తిరించి, నుదుటి మీద తలకిందులుగా పరిచి గీస్తాం. కనుబొమ మొదట్లోంచి పైకి వెళ్లే రక్తనాళం తెగకుండా ఆ చర్మాన్ని కాడతో సహా లేపి, తిప్పి ముక్కుమీద కుడతాం. మూడు వారాల్లో కొత్తచోట రక్తప్రసరణ కుదురుకుంటుంది. అప్పుడు కాడను కోసేస్తాం. కౌవాస్‌జీ కాలం నుంచి ఈ విద్యకు దారి చూపినవారిలో యుద్ధంలో గాయపడినవారు చాలామంది ఉన్నారు. అది మళ్లీ సైనికుల ముఖాల మీదే పనికిరావడం నాకు రుణం తీర్చుకోవడంలా అనిపిస్తుంది.

ఈ రోగుల దగ్గర

కత్తితో పాటు నేర్వాల్సినవి కొన్ని ఉన్నాయి. రక్తం కారకుండా నాళాలను కాల్చినప్పుడు వచ్చే వాసన యుద్ధం చూసినవాడికి మామూలు వాసన కాదు. అందుకే కాల్చేముందు చెబుతాం, పొగను పీల్చే గొట్టాన్ని దగ్గరగా పట్టిస్తాం. వెనకనుంచి వెళ్లి భుజం తట్టం. కళ్లు కప్పాల్సి వస్తే అడిగి కప్పుతాం. చాలామందికి చెవుల్లో హోరు, వినికిడి తక్కువ. చెవికి కట్టు కడితే వినికిడి యంత్రం పెట్టుకోలేరు కనుక, ఇంటికి వెళ్లాక ఏం చేయాలో ఆ కట్టు కట్టకముందే చెబుతాం. గుండెలో పేస్‌మేకర్ ఉంటే కాల్చే పరికరం మారుస్తాం. రక్తం పలచబరిచే మందులను మాత్రం సాధారణంగా ఆపం. కొంచెం ఎక్కువ కారే రక్తాన్ని మేం ఆపగలం, మెదడులో గడ్డకట్టే రక్తాన్ని ఆపలేం.

పొరకూ పొరకూ మధ్య గంట దాకా పడుతుంది. కట్టుతో కూర్చున్న నావికుడూ పదాతి సైనికుడూ ఈలోగా తమ కొలువుల కబుర్లలో పడతారు. వంద మైళ్ల అవతలి పల్లెల నుంచి వాలంటీర్ల వ్యానుల్లో వచ్చేవాళ్లున్నారు. వాళ్లకు ఒకేరోజులో పని ముగియడం పెద్ద మేలు.

కోయకపోవడమూ విద్యే

వీఏ డాక్టర్లది జీతం. ఒక పొర ఎక్కువ తీసినా తక్కువ తీసినా నా సంపాదన మారదు. అందువల్ల నిర్ణయం రోగి మేలు ఒక్కదాని మీదే నిలుస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో వీఏ, విశ్వవిద్యాలయ ఆసుపత్రుల రోగులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. ఆయుష్షు ఎక్కువ మిగలని వృద్ధులకు కూడా అందరితో సమానంగా కోతలు జరుగుతున్నాయని అది చూపింది. నెమ్మదిగా పెరిగే బేసల్ సెల్ కార్సినోమా తొంభై ఏళ్ల మనిషిని బాధపెట్టకపోతే, దాన్ని కనిపెట్టుకుని ఉండటమే మంచి వైద్యం కావచ్చు. ఆ మాట ఆయనతో, ఇంటివాళ్లతో కూర్చుని చెప్పాలి.

కేన్సర్ రాకుండా చూడటంలోనూ ఈ ఆసుపత్రుల పాత్ర గొప్పది. 12 వీఏ కేంద్రాల్లో 932 మంది మాజీ సైనికుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. ఫ్లోరోయురాసిల్ క్రీమును ముఖానికీ చెవులకూ రోజుకు రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు రాస్తే, ఆపరేషన్ అవసరమయ్యే స్క్వేమస్ సెల్ కార్సినోమా అనే మరో చర్మ కేన్సర్ తర్వాతి ఏడాదిలో 75 శాతం తగ్గింది. తమ చర్మాన్ని పరీక్షకు అప్పగించిన ఆ సైనికులు ప్రపంచానికంతా మేలు చేశారు.

ఇక మన సంగతికొస్తే, తెలుగునేల మీద ఎండ మండిపోతున్నా చర్మ కేన్సర్లు తక్కువే. మన చర్మపు రంగు కాస్తుంది. కానీ మనకొచ్చేవి ఆలస్యంగా దొరుకుతాయి. బేసల్ సెల్ కార్సినోమా మనవాళ్లలో నల్లగా ఉండి పుట్టుమచ్చ అనిపించుకుంటుంది. పాత కాలిన మచ్చలో మానని పుండు స్క్వేమస్ సెల్ కార్సినోమా కావచ్చు. అరికాలి నల్లమచ్చ, గోటికింది నల్లగీత మెలనోమా కావచ్చు. నెల దాటినా మానని పుండును డాక్టర్‌కు చూపించండి.

మన వైద్య కళాశాలలకు ఒక విన్నపం. క్రయోస్టాట్ కొనవచ్చు, టెక్నీషియన్‌కు శిక్షణ ఇప్పించవచ్చు. అంతకన్నా కష్టమైనది కోసిన డాక్టర్‌నే స్లైడ్ ముందు కూర్చోబెట్టే అలవాటు. ఆ అలవాటు శిక్షణలోనే పడిన సర్జన్, తన కత్తి ఏం వదిలేసిందో మరొకరు చెప్పేదాకా ఆగడు. రోగి ముఖంలో కేన్సర్‌కు చెందినది మాత్రమే తీసి, మిగతాదంతా రోగికే ఉంచుతాడు.