గట్టెక్కినా చావని చేప

రవ్వనో బొచ్చెనో వలలోంచి తీసి గట్టు మీద పడేస్తే కాసేపు ఎగిరిపడి, నోరు తెరుచుకుని ఊరుకుంటుంది. కొర్రమట్ట అట్లా ఊరుకోదు. మొప్పల పైన దానికి గాలి పీల్చుకునే అర ఒకటి ఉంది. నీళ్లలో ఉన్నా సరే, మధ్యమధ్య పైకొచ్చి ఒక గుటక గాలి మింగకపోతే దానికి ఊపిరాడదు. అలాంటిదాన్ని సంచిలో వేసుకుని పది ఊళ్లు తిరిగినా బతికే ఉంటుంది. పాపెర కూడా, అంటే కోస్తావాళ్ల బొమ్మిడాయి కూడా, సులువుగా ప్రాణం విడవదు. ఇక పేరుకే పాము గానీ చేపే అయిన మలుగు పామైతే తడి చర్మంతోనే ఊపిరి తీసుకుంటూ గడ్డిలో పడి పక్క గుంటకు పోగలదు.

సంచిలో కొట్టుకుంటున్న చేపను చూసి మనం ‘తాజా సరుకు’ అని మురిసిపోతాం. ఆ తాజాదనం కోసం చేప గంటల తరబడి చస్తూ బతకాలి. సిద్దిపేట చెరువుల మీద ఈటె పట్టే నేర్పు గురించి రాయాలంటే గురితో మొదలుపెట్టాలి గానీ గురి దగ్గరే ఆగిపోతే సగం విద్య వదిలేసినట్టే.

ఇక్కడ ఈటె బతుకుదెరువు పనిముట్టు కాదు. ముదిరాజులు, గంగపుత్రులు సంఘాలు పెట్టుకుని చెరువులు పట్టేది వలలతోనే. ఈటెకు పని పడేది వానలు ముదిరి మత్తడి దుంకినప్పుడు, చేపలు ధారకు ఎదురెక్కినప్పుడు, లేదంటే రాత్రిపూట బ్యాటరీ లైటు వెలుగులో లోతు లేని నీళ్లలో. వెదురు కర్ర, కొసన ఇనుప మొనలు, అంతే సరంజామా. ఎండాకాలం అడుగంటిన చెరువుల్లో ఊత బుట్టను బురదలో దింపి, పై కంతలోంచి చెయ్యి పెట్టి తడిమి పట్టే పద్ధతి మరొకటి ఉండేది. రంగనాయక సాగర్ (3 టీఎంసీలు), కొండపోచమ్మ సాగర్ (15), మల్లన్న సాగర్ (50) వచ్చి గోదావరి నీళ్లు మళ్లాక చాలా చెరువులకు ఎండటమనేది తప్పింది. దానితోపాటు ఆ ఊత వేటకూ పని తగ్గింది. అందుకు విచారించేవాళ్లు పెద్దగా ఉండరనుకోండి.

గురి సంగతి. నీళ్లు చూపును మోసం చేస్తాయి. నిలువునా పైనుంచి చూసినా నాలుగడుగుల లోతున్న చేప మూడడుగుల్లోనే ఉన్నట్టు కనబడుతుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా పైకి తేలినట్టుంటుంది. కొత్తవాడి ఈటె చేప వీపు మీదుగా పోయేది అందుకే. చెయ్యి తిరిగినవాడు కంటికి కనబడే చేపను వదిలి దాని పొట్ట కింది నీళ్లను పొడుస్తాడు. ఇంతకంటే మంచి ఉపాయం ఈటె మొనను ముందే నీళ్లలోకి దించి ఉంచడం. మొనా చేపా ఒకే తీరుగా వంగి కనబడతాయి గనుక లెక్క తప్పదు, నీళ్లు చప్పుడూ చేయవు. కొర్రమట్ట గాలి కోసం పైకి రాక తప్పదు కాబట్టి అది తేలిన చోటు గుర్తుపెట్టుకుని, మళ్లీ తేలేదాకా కదలకుండా నిలబడటమే సగం వేట.

పొడిస్తే తలకే పొడవాలి. నడుముకో తోకకో తగిలిన చేప మొన వదిలించుకుని తుంగలోకి దూరి, అక్కడెక్కడో మెల్లగా చస్తుంది. అది ఎవరి గిన్నెలోకీ రాదు. తల సరిగ్గా కనబడకపోతే ఈటె దించేయడమే మంచి వేటగాడి లక్షణం. ఎర్రెర్రని పిల్లల గుంపు పైన నీళ్లలో కదులుతుంటే దాని కింద కాపలా ఉన్న కొర్రమట్ట కదలకుండా దొరుకుతుంది. అంత సులువైన గురి మరోటి లేదు, అంత చెడ్డ గురీ లేదు. కాపలా పోయిన పిల్లలు మిగిలిన చేపలకు మేత.

పాపెరైనా మలుగైనా మొన దిగగానే ఈటె కర్రకు చుట్టుకుంటుంది. అప్పుడు లాగొద్దు. లాగితే కండ చీలి జారిపోతుంది. అడుగు నేలకు అదిమిపెట్టి, తల దగ్గర గోనెపట్టతో పట్టుకోవాలి. వట్టి చేత్తో పట్టాల్సి వస్తే నడిమి వేలు పైనుంచి, దాని అటూ ఇటూ ఉన్న రెండు వేళ్లు కిందనుంచి వేసి బిగిస్తే ఆ జిగురు ఒళ్లు కొంత నిలుస్తుంది. పాపెర వెన్ను మీద ముళ్ల వరుస ఉంది. చేప వెనక్కి జారితే ఆ ముళ్లు లేచి అరచెయ్యి చీరేస్తాయి.

ఇక అసలు పని గట్టు మీదే, అప్పటికప్పుడే జరగాలి. కొర్రమట్ట కళ్లు మూతి దగ్గరే ఉంటాయి, మెదడు వాటికి కాస్త వెనుక, నడినెత్తిన. అక్కడ బరువైన కట్టెతో ఒక్కటే దెబ్బ, జంకకుండా. జంకి నాలుగు కొట్టేవాడికంటే గట్టిగా ఒకటి కొట్టేవాడే దయగలవాడు. పాపెర తల సన్నం, దెబ్బ జారుతుంది. చదును రాయి మీద అదిమి కళ్ల వెనుక కత్తి మొన దించడం మేలు. ఆ తర్వాత మొప్పల దగ్గర కోసి నెత్తురు పోనివ్వాలి. ఒళ్లు ఇంకా మెలికలు తిరుగుతూనే ఉంటుంది. అది నరాల పని, ప్రాణం ఉన్నట్టు కాదు. ఆనవాలు చూడాల్సింది మొప్ప మూతలో, కంట్లో. చేపను పక్కకు ఒరిగిస్తే బతికున్నదాని కన్ను నిటారుగా నిలవాలని గూట్లో తిరుగుతుంది. చచ్చినదాని కన్ను ఒంటితోపాటే వాలిపోతుంది. తల తెగ్గోస్తే చాలనుకోవద్దు. మలుగు చేపల మీద హాలండ్ పరిశోధకులు చూస్తే, తెగిన తలలోని మెదడు కొన్ని నిమిషాలపాటు పనిచేస్తూనే ఉందని తేలింది. మలుగు పచ్చి నెత్తురు విషం, కంట్లో పడనీయొద్దు. ఉడికితే ఆ విషం విరిగిపోతుంది.

జపాన్ వాళ్లు ఇదే పనిని ఇకెజిమె అనే పేరుతో శాస్త్రంలా సాధన చేస్తారు. మెదడులో మొన, నెత్తురు తీయడం, వెన్నుపాములో తీగ. దయతో పాటు రుచీ కారణమే. పెనుగులాడి చచ్చిన చేప కండలో శక్తి ముందే ఖర్చై, ఆమ్లం పేరుకుని, తొందరగా బిగుసుకుని మెత్తబడుతుంది. చేపకు నొప్పేమిటని కొట్టిపారేసేవాళ్లకు లిన్ స్నెడన్ బృందం 2003లోనే జవాబిచ్చింది. ట్రౌట్ చేప తల మీద నొప్పిని పసిగట్టే నరాల కొసలున్నాయని చూపింది. మన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా తిండి కోసం చంపడాన్ని తప్పుపట్టదు, అనవసరపు బాధ పెట్టనంతవరకే. జిగురు పోవాలని బతికున్న మలుగును ఉప్పులో వేసే పద్ధతిని జర్మనీ నిషేధించింది.

మలుగు పాము సంగతి వేరు. అది పుట్టేది సముద్రంలో. పిల్లలు గోదావరికి ఎదురీది పైకి రావాలి. మన కూడవెల్లి వాగు దాకా చేరాలంటే ధవళేశ్వరం నుంచి నర్మాల దగ్గరి ఎగువ మానేరు వరకు కట్ట మీద కట్ట. అన్నీ దాటి ఒకటి కనబడితే ఈటె పక్కన పెట్టమనే నా మాట. గుడ్లు పెట్టడానికి అది మళ్లీ సముద్రానికే పోవాలి.

చెరువు గట్టు మీద అయిపోవాల్సిన పని మార్కెట్ దాకా సాగడానికి కొనేవాళ్లమూ కారణమే. టబ్బులో ఈదుతున్న కొర్రమట్టకే ధర పలుకుతుంది. తూకం వేయించాక చాలాచోట్ల అది కదులుతుండగానే బూడిద పూసి బండకు రుద్దుతారు. జారకుండా ఉండటానికే బూడిద, అందులో తప్పేమీ లేదు, తప్పల్లా వరసలో ఉంది. మృగశిర నాడు ఎంత రద్దీ ఉన్నా, “అన్నా, ముందు నెత్తిన ఒక్కటెయ్యి, బూడిద తర్వాత పెడుదువు” అంటే వినే అమ్మకందార్లే ఎక్కువ. కట్టె వాళ్ల పక్కనే ఉంటుంది.