సాంబ మసూరికి మూడు కాపలాలు

బాపట్ల నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204నే మనం సాంబ మసూరి అంటాం. గింజ సన్నం, అన్నం పొడిపొడి. కానీ బాక్టీరియా ఎండాకు తెగులు సోకితే ఆకు కొస నుంచి అంచుల వెంట పసుపు తిరిగి గడ్డిలా ఎండిపోతుంది. మందు కొట్టి దీన్ని అదుపు చేయడం కష్టం. కాబట్టి రక్షణ మొక్కలోనే ఉండాలి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు ఆ రక్షణను అమర్చిన తీరు ఓపికగా చూడదగ్గది.

వారు ఎంచుకున్న జన్యువులు మూడు. ఎక్స్‌ఏ 21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. దాని ప్రోటీన్ కణం పొరలో ఉండి బాక్టీరియా రాకను పసిగడుతుంది. ఈ జన్యువును 1995లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం వేరుచేసి చూపింది. ఎక్స్‌ఏ 13 ఉన్న మొక్కలో బాక్టీరియా తన తిండి కోసం చక్కెరను బయటికి రప్పించుకోలేదు. ఎక్స్‌ఏ 5 వల్ల మొక్క జన్యువులను తనకు అనుకూలంగా మేల్కొలపడం బాక్టీరియాకు కష్టమవుతుంది. ఈ మూడింటినీ లుధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పీఆర్ 106 అనే వరిలో అప్పటికే ఒక్కచోట చేర్చారు.

ఇక సాంబ మసూరికీ ఆ పీఆర్ 106కూ సంకరణం. వరి పువ్వు తన పుప్పొడితోనే ఫలిస్తుంది. అందుకని ముందురోజే, ఇంకా విచ్చుకోని పూల గుల్ల పైభాగాన్ని చిన్న కత్తెరతో కోసి, లోపలి ఆరు పుప్పొడి తిత్తులనూ పట్టకారుతో తీసేస్తారు. పక్కనే ఉన్న ఈకలాంటి కీలాగ్రం మాత్రం నలగకూడదు. కంకికి కాగితం సంచి తొడిగి, మర్నాడు రెండో రకం పూసే వేళ దాని పుప్పొడిని పైన రాలుస్తారు.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఎక్స్‌ఏ 5, ఎక్స్‌ఏ 13 రెండేసి ప్రతులుంటేనే పనిచేస్తాయి. ఒక్క ప్రతి ఉన్న మొక్కను పైకి చూసి పోల్చుకోలేం. పైగా ఎక్స్‌ఏ 21 ఒక్కటే తెగులును ఆపుతుంటే మిగతా రెండూ ఉన్నాయో లేవో తెలియదు. అందుకే ప్రతి మొక్క ఆకు ముక్క నుంచి డీఎన్ఏ తీసి, జన్యువుల ఆనవాళ్లను పరీక్షిస్తారు. మొదటి సంకర మొక్కను తిరిగి సాంబ మసూరితో కలిపితే, మూడూ ఉన్నది సగటున 8 మొక్కల్లో ఒకటి. దాన్ని మళ్లీ సాంబ మసూరితోనే కలుపుతారు. ఇలా నాలుగు విడతలయ్యేసరికి దాత రకం వాటా సగటున 32లో 1 వంతుకు తగ్గుతుంది. చివర మొక్కను దాని పుప్పొడితోనే ఫలించనిస్తే, మూడింటికీ రెండేసి ప్రతులున్నది 64లో ఒకటి.

ఆ ఒక్కదానికీ పరీక్ష తప్పదు. బాక్టీరియా కలిపిన నీటిలో కత్తెర ముంచి ఆకు కొసలు కోస్తారు. రెండు వారాల తర్వాత మచ్చ ఎంత దూరం పాకిందో స్కేలు పెట్టి కొలుస్తారు. పాత సాంబ మసూరిలో అది ఆకు వెంట కిందికి దిగుతూ పోతుంది. కొత్తదానిలో కోత దగ్గరే ఆగుతుంది.

ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఇన్ని తరాల ఏరివేతలో చేర్చిన దానికంటే వదిలించుకున్నదే ఎక్కువ. అందుకే కంచంలోకి వచ్చేసరికి గింజ అదే సన్నం, అన్నం అదే పొడిపొడి.