ఆ రెండో ఐపీ ఎవరు పెట్టారు?

“అన్నా, జోన్ లేచింది గానీ అప్లికేషన్ లేవడంలా.”

శనివారం రాత్రి రెండున్నర. ఎలక్ట్రానిక్ సిటీ ఫేజ్ వన్‌లో ఆఫీసు మూడో అంతస్తులో మేమిద్దరమే ఉన్నాం. సోలారిస్ 10 మీద నడిచే పెద్ద సర్వరు, దాని మీద పదకొండు జోన్లు. ప్యాచింగ్ కోసం ఆపి మళ్లీ లేపాం. చాలా నెలల తర్వాత దానికి అదే మొదటి రీబూట్. పది జోన్లు ఏ గొడవా లేకుండా లేచాయి. బిల్లింగ్ జోన్ కూడా లేచింది, కానీ లోపలి అప్లికేషన్ తనకు కావలసిన చిరునామా దొరక్క ఆగిపోయింది. ఆ జోన్‌కు రెండు ఐపీలు ఉండాలి. ఒకటే కనిపిస్తోంది.

జోన్ల వివరాలు రాసే జోన్‌సీఎఫ్‌జీ తెరిచి చూస్తే అందులోనూ ఒకటే రాసి ఉంది. మరి రెండోది ఇన్నాళ్లూ ఎలా పనిచేసింది? ఎవరో ఎప్పుడో, నడుస్తున్న జోన్‌కు బయటినుంచి ఇఫ్‌కాన్ఫిగ్ కమాండుతో తగిలించి వెళ్లారు. అలా తగిలించింది మెమరీలోనే ఉంటుంది, జోన్ ఆగితే దాంతోపాటే పోతుంది. పెట్టినవారు ఆ పూటకు పని గట్టెక్కించారు, రాయలేదు. ఆయన అప్పటికే ఫ్లైఓవర్ అవతల వేరే కంపెనీలో చేరిపోయారు. ఆ నంబరు ఏమిటో కనుక్కోవడానికే మాకు గంటన్నర పట్టింది. చివరికి అప్లికేషన్ పాత లాగ్‌లో ఒక మూల దొరికింది.

నీలాద్రి రోడ్డు పీజీల్లో ఉన్నవాళ్లకు జోన్ అంటే ఏమిటో చెప్పడం తేలిక. బిల్డింగ్ ఒకటే, బోరు ఒకటే, పైన ట్యాంకు ఒకటే. గదికో తాళం. ఈ గదిలోవాళ్లకు పక్క గదిలో ఎవరున్నారో తెలియదు. యూనిక్స్ సర్వరులో కెర్నెల్ ఆ ట్యాంకు లాంటిది, అందరికీ కలిపి ఒకటే. స్పార్స్ రూట్ అనే రకం జోన్ పెడితే యూఎస్‌ఆర్, లిబ్ లాంటి డైరెక్టరీలు కూడా కింది వంటగదిలా ఉమ్మడివే. వాడుకోవచ్చు, మార్చడానికి లేదు. లోపలి రూట్ యూజరుకు తన గదిలో దాదాపు అన్ని అధికారాలూ ఉంటాయి. గడప దాటితే ఒక్కటీ ఉండదు.

ఈ విడదీత కొత్తదేం కాదు. 1979 నాటి ఏడో వెర్షన్ యూనిక్స్‌లోనే సీహెచ్‌రూట్ వచ్చింది. నీకు కనిపించేది ఈ డైరెక్టరీ వరకే అని ఒక ప్రోగ్రాముకు గీత గీయడం దాని పని. రూట్ అధికారం ఉన్నవాడు ఆ గీత దాటేయగలడు. ఒక వెబ్ హోస్టింగ్ సంస్థ తన సర్వీసులనూ కస్టమర్ల సర్వీసులనూ విడిగా ఉంచాలనుకోవడంతో పౌల్-హెన్నింగ్ క్యాంప్ జైల్ రాశారు. అది 2000 మార్చిలో ఫ్రీబీఎస్‌డీ 4.0తో బయటికొచ్చింది. 2005లో సోలారిస్ 10తో జోన్లు, 2013లో డాకర్. గోడలు కట్టడంలో ఇంత తెలివి పెట్టారు. ఏ గోడ ఎందుకు కట్టామన్నది రాసుకోవడం మాత్రం ఇప్పటికీ మన చేతుల్లోనే ఉంది.

జోన్‌సీఎఫ్‌జీతో పని చేయడం నాకు చాలా ఇష్టం. క్రియేట్ అంటాం. జోన్ ఏ డైరెక్టరీలో ఉండాలో చెబుతాం. సర్వరు లేచినప్పుడు తనూ లేవాలంటే ఆటోబూట్‌ను ట్రూ చేస్తాం. చెప్పకపోతే అది ఫాల్స్‌గానే ఉంటుంది, రీబూట్ రాత్రి దాకా ఎవరికీ గుర్తు రాదు. యాడ్ నెట్, చిరునామా, ఏ నెట్‌వర్క్ కార్డు మీద, ఎండ్. తర్వాత వెరిఫై, ఆ తర్వాత కమిట్. కమిట్ కొట్టగానే అంతా ఈటీసీ కింద జోన్స్ డైరెక్టరీలో ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా కూర్చుంటుంది. దీన్ని చేత్తో దిద్దొద్దు అని ఆ ఫైలు మొదట్లోనే రాసి ఉంటుంది. సోలారిస్ 10లో ఇలా రాసింది నడుస్తున్న జోన్‌ను తాకదు, మళ్లీ బూట్ అయినప్పుడే అమల్లోకి వస్తుంది. కొత్తగా వచ్చిన పిల్లలకు ఇది చిరాకు. “ఇప్పుడే కావాలి గదా అన్నా” అంటారు. కావాలంటే రెండూ చెయ్యాలి, ముందు రాయాలి, తర్వాత తగిలించాలి. రాసి తగిలించడం మరిచిపోతే అదే రోజు తెలుస్తుంది, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. తగిలించి రాయడం మరిచిపోతే నెలల తరబడి అంతా బాగున్నట్టే ఉంటుంది.

ఎక్స్‌పోర్ట్ అనే కమాండు కూడా ఉంది. జోన్ మొత్తం వివరాన్ని కమాండుల రూపంలో బయటికి తీస్తుంది. మా టీములో ప్రతి మార్పు తర్వాతా అది తీసి దాచుకునేవాళ్లం. అందులో ఏముందో తెలుస్తుంది, ఎందుకుందో తెలియదు. కమాండు ఫైల్లో హ్యాష్ గుర్తు పెట్టి కామెంటు రాసినా, తిరిగి ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ కామెంటు రాదు. ఫ్రీబీఎస్‌డీ వాళ్లకు ఈ బాధ తక్కువ. ఒకప్పుడు వాళ్ల జైళ్ల వివరాలు ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో వేర్వేరు వరసల్లో చెల్లాచెదురుగా ఉండేవి. 2012లో 9.1తో జైల్ డాట్ కాన్ఫ్ వచ్చింది. అన్ని జైళ్లకూ పనికొచ్చేవి పైన ఒకసారి రాసి, కింద ఒక్కో జైలుకు బ్రాకెట్లలో దాని తేడాలు మాత్రమే రాయొచ్చు. మనిషి చేత్తో రాసే ఫైలు కాబట్టి పక్కన పెట్టిన కామెంటు ఉన్నచోటే ఉంటుంది.

సోలారిస్‌లోనూ దారి లేకపోలేదు. యాట్ర్ అనే రిసోర్సు ఉంది. దానికి కామెంట్ అని పేరు పెట్టి మనకు కావలసిన వాక్యం కాన్ఫిగరేషన్‌లోనే దాచొచ్చు. ఎక్స్‌పోర్ట్ చేసినా వస్తుంది, జోన్‌ను వేరే సర్వరుకు మార్చినా దానితోపాటే పోతుంది. మాన్యువల్లో ఉదాహరణతో సహా ఉంది. అయినా నేను చూసిన సర్వర్లలో దాన్ని వాడినవాళ్లు చాలా అరుదు. ఇప్పుడు కుబర్నెటీస్ కాలం. యామల్ ఫైళ్లు గిట్‌లో ఉంటాయి, రాసే అలవాటు బాగా పెరిగింది, చూస్తుంటే సంతోషంగా ఉంటుంది. అయినా అర్ధరాత్రి తొందరలో నడుస్తున్న పాడ్ లోపలికి దూరి ఫైలు దిద్దేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పాడ్ పోయి కొత్తది వచ్చినప్పుడు మళ్లీ మా శనివారం రాత్రే.

ఆ రాత్రి నంబరు దొరికాక నాతో ఉన్న కుర్రాడు ఇఫ్‌కాన్ఫిగ్ కొట్టబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. జోన్‌సీఎఫ్‌జీలో రెండో నెట్ చేర్చాం, వెరిఫై, కమిట్. ఈ నంబరే ఎందుకని క్లయింటు నెట్‌వర్క్ మనిషిని నిద్రలేపి అడిగితే, అవతలి ఫైర్‌వాల్‌లో బిల్లింగ్‌కు ఈ ఒక్క చిరునామాకే అనుమతి ఉందని చెప్పాడు. ఆ మాటే యాట్ర్‌లో రాయమన్నాను. కుర్రాడు రెండు వేళ్లతో నెమ్మదిగా టైపు చేశాడు.

“తేదీ కూడా పెట్టాల్నా అన్నా?”

“పెట్టు రా. టికెట్ నంబరు కూడా పెట్టు.”

తర్వాత జోన్‌ను రీబూట్ చేశాం. కన్సోల్ మీద వరసలు ఒక్కొక్కటే పడుతుంటే ఇద్దరం కుర్చీలు దగ్గరికి లాక్కుని చూస్తూ కూర్చున్నాం. రెండు ఐపీలూ వచ్చాయి, అప్లికేషన్ లేచింది. కుర్రాడు ఇంకోసారి రీబూట్ చేసి చూద్దామన్నాడు. చేశాం.